బిందువుకో డెల్టానా, అన్నిటికి ఒక్కటే డెల్టానా: ఒక ఎమ్మెస్సీ స్టూడెంట్ కేసు

ఆన్సర్ షీట్ నుంచే మొదలుపెడతా, ఎందుకంటే కేసంతా ఆ ఒక్క పేజీలనే ఉంది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫస్ట్ సెమిస్టర్, రియల్ అనాలిసిస్ మొదటి ఇంటర్నల్. ప్రశ్న ఏంటంటే, ఎక్స్ స్క్వేర్ అనే ఫంక్షన్ మొత్తం వాస్తవ సంఖ్యల మీద యూనిఫార్మ్‌గా కంటిన్యుయస్ అవునా కాదా, ప్రూఫ్ ఇయ్యి. ఆ అమ్మాయి ముందు డెఫినిషన్ రాసింది, ఒక్క కామా కూడ తప్పు పోలే. తర్వాత ఎప్సిలాన్ ఇచ్చిండ్రనుకుందాం అని మొదలుపెట్టి, డెల్టా ఏం తీసుకుందంటే, 1 ఒకటి, ఎప్సిలాన్ బై (1 ప్లస్ 2 ఇంటూ మాడ్ ఏ) ఇంకొకటి (మాడ్ ఏ అంటే మైనస్ గుర్తు తీసేసిన ఏ), ఈ రెండిట్ల ఏది చిన్నదైతే అది. ఇనీక్వాలిటీలన్ని నీట్‌గ నడిపింది. చివరికి కాబట్టి యూనిఫార్మ్ కంటిన్యుయస్ అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. లైన్ లైన్ పట్టుకొని చూస్తే లెక్కల ఎక్కడ తప్పు లేదు, జవాబు మాత్రం పూర్తిగ తప్పు. ఎందుకంటే ఆ డెల్టా లోపల "ఏ" అనే బిందువు కూచొని ఉంది. అంటే ఏ పాయింట్ దగ్గర నిలబడ్డవో దాన్నిబట్టి డెల్టా మారుతున్నది. ఆమె నిరూపించింది మామూలు కంటిన్యుటీ. పేరు పెట్టింది యూనిఫార్మ్ అని.

ఈ సబ్జెక్టు విడిచిపెట్టి చాన్నాళ్ళైన వాళ్ళ కోసం రెండు ముక్కలు. కంటిన్యుటీ అంటే, ఇన్‌పుట్‌ని కొంచెం కదిలిస్తే అవుట్‌పుట్ కూడ కొంచమే కదలాలె, ఎగిరి దుంకొద్దు. అవుట్‌పుట్ ఎంతలోపల ఉండాలె అని అవతలోడు పెట్టే హద్దు పేరు ఎప్సిలాన్, ఆ హద్దు దాటకుండ ఉండాలంటే ఇన్‌పుట్‌ని ఎంతలోపల కదిలియ్యొచ్చు అని మనం చెప్పే జవాబు పేరు డెల్టా. మామూలు కంటిన్యుటీల ఒక్కో పాయింట్ దగ్గర ఒక్కో డెల్టా చెప్పుకోవచ్చు. యూనిఫార్మ్ కంటిన్యుటీల అట్ల నడవది, ఎప్సిలాన్ ఇచ్చినంక పాయింట్లన్నిటికి కలిపి ఒక్కటే డెల్టా చెప్పాలె. తేడా ఇంతే. కానీ ఈ "ఇంతే" దగ్గర ఎంతమంది పిల్లలు ఏండ్లకేండ్లు ఆగిపోతున్నరో పేపర్లు దిద్దేటోళ్ళకి తెలుసు.

నా గురించి కొంచెం చెప్పాలె, లేకపోతే ఈ కేసుల నేను ఏం చేసిన్నో ఎందుకు చేసిన్నో అర్థం కాదు. మాది దేవరకొండ దిక్కు పల్లె. పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. డిగ్రీ నల్లగొండ నాగార్జున గవర్నమెంట్ కాలేజీల, ఎమ్మెస్సీ ఉస్మానియాల. నెట్ (లెక్చరర్ పోస్టుకి, రీసెర్చ్‌కి అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చినంక నంబర్ థియరీల పీహెచ్‌డీ చేసిన, మధ్యల జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ అన్ని మెట్లు ఎక్కి దక్షిణ తెలంగాణల ఒక యూనివర్సిటీకి వచ్చి చేరిన. నా రీసెర్చ్ అంతా డివైజర్ ఫంక్షన్ల చుట్టూ, అంటే ఒక సంఖ్యకి ఎన్ని భాజకాలు ఉంటయి, ఆ లెక్క సగటున ఎట్ల నడుస్తది, ఎంత దాకా పెరుగుతది, ఇట్లాంటియి. ఇంకో ఇష్టం ఉంది, దానికి ప్రమోషన్ పాయింట్లు రావు గానీ రాత్రి పదకొండైనా నిద్ర రానియ్యదు, పాత లెక్కల తెలుగు. రాష్ట్రకూటుల కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిండు, అంటే మన భాషల లెక్కలు రాసుడు మొన్న మొన్న మొదలైన పని కాదు. సోల, తవ్వ, మానిక, కుంచం, "తలా ఇంత", "రెండేసి", "మూడేసి", ఇట్లాంటి మాటలు ఎక్కడ వినపడ్డా ఒక నోటుబుక్కుల రాసి పెట్టుకుంట. ఆ నోటుబుక్కే ఈ కేసుల పనికొచ్చింది.

ఇగ ఆ అమ్మాయి. పేరు, ఊరు రాయను, రాస్తున్న సంగతి ఆమెకు చెప్పి ఒప్పుకున్నంకనే రాస్తున్న. అచ్చంపేట దిక్కు. అమ్మానాన్న పనికి పుణె దిక్కు పోయేటోళ్ళు, ఏడాదిల ఎక్కువ నెలలు అక్కడనే, పిల్లను నాయనమ్మ పెంచింది. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఎమ్మెస్సీల ఒక్కసారి ఇంగ్లీషు. క్లాసుల రెండో బెంచి, గోడ పక్కన. డౌట్ అడగది, కానీ బోర్డు మీద ఉన్నది ఒక్కటి వదలకుండ రాసుకుంటది. ఇంటర్నల్‌ల ఇరవైకి నాలుగొచ్చినయి. ఆ నాలుగు డెఫినిషన్‌కి.

మొదట నేను చేసిన డయాగ్నోసిస్ తప్పు. ఇంగ్లీషు సమస్య అనుకున్న. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల, ఇంగ్లీషు వాక్యం అర్థం కాక బట్టీ పట్టి రాసింది, తెలుగుల చదివితే పోతది అని, డిగ్రీ స్థాయి తెలుగు పుస్తకాలు రెండు ఇచ్చి ఈ చాప్టర్ చదువుకొని రా బిడ్డా అన్న. వారం తర్వాత వచ్చింది. చదివింది, నిజంగ చదివింది, ఏకరూప అవిచ్ఛిన్నత, అంటే యూనిఫార్మ్ కంటిన్యుటీ, డెఫినిషన్ తెలుగుల కూడ కంఠతా వచ్చింది. అదే ప్రశ్న ఇచ్చిన. అదే తప్పు చేసింది, ఈసారి తెలుగుల చేసింది. అక్కడ నాకు ఆగి ఆలోచించాల్సి వచ్చింది. భాష మారినా తప్పు మారలేదంటే రోగం ఇంగ్లీషుల లేదు.

తర్వాత బొమ్మలు గీసి చెప్పిన. ఎక్స్ స్క్వేర్ గ్రాఫు దూరం పోయినకొద్ది నిటారుగా లేస్తది కదా, కాబట్టి అదే ఎత్తు హద్దులో ఉండాలంటే కింద వెడల్పు తగ్గుకుంట పోవాలె, అని రంగు చాక్‌పీసులతోని గీసిన. తల ఊపింది. మళ్ళ రాయమంటే మళ్ళ "ఏ" ఉన్న డెల్టానే. బొమ్మ అర్థమైంది, కానీ బొమ్మకి, ఆ రాసిన వాక్యానికి మధ్య దారి లేదు. నేను పిల్లలల్ల చాలాసార్లు చూసిన సంగతే ఇది, గ్రాఫు గీస్తే అర్థమైందంటరు, అది నిజమే, కానీ ప్రూఫ్ అనేది వాక్యాలతోని నడుస్తది, గ్రాఫుతోని నడవది.

ఇగ మూడోసారి ఆమెను డిపార్ట్‌మెంట్ రూముకి పిలిచి కూచోబెట్టిన. పుస్తకం మూసేసిన. నా నోటుబుక్కుల అంతకు రెండు రోజుల ముందే "ఇంటికో", "పూటకో", "మనిషికో" అని ఒక పేజీ రాసుకొని ఉన్న, అది మనసుల ఉండె. అడిగిన:

"మీ ఊర్ల నీళ్ళు ఎట్ల వస్తయి బిడ్డా?"

"ఇంటికో నల్లా ఇచ్చిండ్రు సార్, భగీరథ నీళ్ళు."

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఊరందరికి ఒక్కటే బోరింగు ఉండె సార్. మా నాయనమ్మ పొద్దున నాలుగింటికే పోయి బిందె లైన్ల పెట్టేది."

"ఇంటికో నల్లా, ఊరందరికి ఒక్కటే బోరింగు. రెండు ఒకటేనా?"

ఈ సార్ ఏం అడుగుతుండు అన్నట్టు చూసింది. "అవెట్ల ఒకటైతయి సార్?"

"సరే, ఇగో నీ పేపరు. ఈ డెల్టా ఇంటికో నల్లానా, ఊరందరికి ఒక్కటే బోరింగా?"

పేపరు దగ్గరికి గుంజుకుంది. పెన్ను క్యాప్ తీసింది, మళ్ళ పెట్టింది. డెల్టా రాసిన లైను కింద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి మెల్లగ జరుపుకుంట పోయి "మాడ్ ఏ" దగ్గర ఆపింది. ఆ వేలు అక్కడ చాలాసేపు ఉంది. నేను ఏం మాట్లాడలే. "ఏ అంటే ఇల్లు సార్" అన్నది. కొంచెం ఆగి, "ఇల్లు మారితే నల్లా మారుతుంది. ఇది ఇంటికో నల్లా." ఇంకొంచెం ఆగి, "మరి నేను బోరింగు అని రాసిన."

నా సర్వీసుల ఇట్లాంటి నిమిషాలు ఎక్కువ రాలే, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

ఇక్కడ జరిగింది ఏంటో కొంచెం విప్పి చెప్తా. ఇంగ్లీషు డెఫినిషన్‌ల "ప్రతి దానికి ఒకటి ఉంటది" అనేదానికీ, "ఒకటి ఉంది, అది ప్రతి దానికి పనికొస్తది" అనేదానికీ తేడా అంతా మాటల వరుసల ఉంటది, ఏది ముందొచ్చింది ఏది వెనకొచ్చింది అన్నదాంట్ల. లాజిక్‌ల దీన్ని క్వాంటిఫయర్ల ఆర్డర్ అంటం. మన పుస్తకాల తెలుగు ఆ ఇంగ్లీషు వాక్యాన్నే మోసుకొచ్చి "ప్రతి ఎప్సిలాన్‌కు ఒక డెల్టా ఉంటుంది" అని పెట్టింది, అందులో "ఒక" అంటే ఎప్సిలాన్ ఎప్సిలాన్‌కి వేరువేరునా, అన్నిటికి అదేనా అన్నది చెవికి పట్టది. మాట్లాడే తెలుగు అట్ల కాదు. "ఇంటికో", "పూటకో మాట", "రోజుకో వేషం", ఈ "కో" ఉంది చూడండ్రి, "కి" ప్లస్ "ఒక" కలిసి అయిన చిన్న ముక్క, అది తగిలిందంటే రెండోది మొదటిదాన్నిబట్టి మారొచ్చు అని నాలుగేండ్ల పిల్లగానికి కూడ తెలుసు. పిల్లలకి రెండేసి లడ్డూలు పెట్టు అంటే మొత్తం రెండే పెట్టేటోడు ఎవ్వడు ఉండడు. అన్నిటికి అదే అని చెప్పాలంటే దానికి వేరే మాట ఉంది, "అందరికి ఒక్కటే". అంటే ఎమ్మెస్సీల మేము సింబల్స్ పెట్టి మూడు వారాలు కష్టపడి చెప్పే తేడాని ఆమె భాష ఆమెకు ఎప్పుడో చేతిల పెట్టింది. మేమే ఆ మాటను క్లాస్‌రూము గుమ్మం బయట విడిచి రమ్మన్నం.

దాంతోని డెఫినిషన్లు మళ్ళ రాయించిన, ఆమె మాటలల్లనే. కంటిన్యుటీ: ఎప్సిలాన్‌కో డెల్టా, అది కూడ బిందువుకో డెల్టా. యూనిఫార్మ్: ఎప్సిలాన్‌కో డెల్టా, కానీ బిందువులన్నిటికి ఒక్కటే. ఇది రాసినంక ఏది ఏదాన్ని ఇస్తది అనేది చెప్పాల్సిన పనే పడలే, "ఊరందరికి బోరింగు ఉంటే ఇంటింటికి నీళ్ళు ఉన్నట్టే కదా సార్, తిరగేస్తే కాదు" అని ఆమెనే అన్నది. యూనిఫార్మ్ అయితే కంటిన్యుయస్, రివర్స్ కాదు, అనే థియరమ్ అదే.

మాటలతోని ఆగితే మళ్ళ బట్టీ అయితదని క్యాలిక్యులేటర్ ఇచ్చిన. ఎప్సిలాన్ 0.1 పెట్టుకో, ఎక్స్ స్క్వేర్‌కి 1 దగ్గర కుడిపక్క ఎంత కదలొచ్చో చూడు అన్న. 1.048 స్క్వేర్ 1.098 వచ్చింది, ఓకే, 1.049 పెడితే 1.1 దాటింది. అంటే డెల్టా 0.048 చిల్లర. 10 దగ్గర చూసింది, 0.005 పెడితే 100.100025 వచ్చి కొంచెం దాటుతున్నది, అంటే 0.005 కన్నా పిసరంత తక్కువ. 100 దగ్గర 0.0005 కన్నా పిసరు తక్కువ. 1000 దగ్గర చెయ్యకముందే "ఇంకో సున్నా పెరుగుతది సార్" అన్నది. ఈ నాలుగు నంబర్లు ఒకదాని కింద ఒకటి రాయించి, ఇప్పుడు వీటన్నిటికి పనికొచ్చే ఒక్క డెల్టా చెప్పు అన్న. "ఏది చెప్పినా అవతల ఇంకో ఇల్లు ఉంటది సార్, దానికి అందది." ఈ మాటని సింబల్స్‌లకి మారిస్తే ప్రూఫ్ అయిపోయినట్టే.

కానీ అయిపోలే. ఇక్కడ ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతిన్నదో కూడ చెప్పాలె, లేకపోతే ఇది చదివి రేపు క్లాసుల చెప్పే లెక్చరర్లకి నష్టం. రెండో ఇంటర్నల్‌ల యూనిఫార్మ్ కంటిన్యుయస్ కాదు అని చూపియ్యమంటే ఆమె "ఏ ఎప్సిలాన్‌కి ఏ డెల్టా లేదు" అని రాసింది. అంటే "ఇంటికో నల్లా" మంచిగనే పట్టింది గానీ దాని కాదు అనుడు పట్టలే. ఇక్కడ మన తెలుగే మోసం చేస్తది. "క్లాసుకి అందరు రాలే" అన్న ఆమెతోని, అర్థం ఏంటిది అని అడిగిన. "ఎవ్వరు రాలేదా సార్, కొందరే వచ్చిండ్రా?" అన్నది. సరిగ్గ అదే. ఆ వాక్యానికి రెండర్థాలు ఉన్నయి, మాట్లాడేటప్పుడు గొంతునిబట్టి, సందర్భాన్నిబట్టి తెలుసుకుంటం, పేపరు మీద గొంతు ఉండదు. అందుకే "లేదు" అనే మాటను వాక్యం చివరికి వదిలెయ్యొద్దు అని రూలు పెట్టుకున్నం. ఇంటికో నల్లా ఉన్నదన్నది అబద్ధం అని చెప్పాలంటే, "ఫలానా ఇల్లు ఒకటి ఉంది, దానికి నల్లా లేదు" అని, ఉన్నదాన్ని ముందు చూపెట్టాలె.

అట్ల కుదిర్చినంక యూనిఫార్మ్ కాదు అనేదానికి ఆమె రాసిన వాక్యం ఇది: "ఒక ఎప్సిలాన్ ఉంది. దానికి ఎవరు ఏ డెల్టా తెచ్చినా, డెల్టాకో జత చెడగొడతది." చూడండ్రి, "కో" మళ్ళ వచ్చింది, ఈసారి డెల్టాకి తగిలింది. కాదు అన్నప్పుడు ఆట తిరగబడుతది, ముందు బిందువుకో డెల్టా, ఇప్పుడు డెల్టాకో జత. నేను నేర్పలే ఆ వాక్యం. ఆ జత, అంటే దగ్గరదగ్గర ఉండే రెండు బిందువులు, ఏందో చూపియ్యి అంటే క్లాస్ నోట్సుల ఉన్న ఎన్, ఎన్ ప్లస్ 1 బై ఎన్ తీసి నంబర్లు పెట్టి చూసింది. 1000, 1000.001. రెండిటికి మధ్య దూరం 0.001 మాత్రమే. స్క్వేర్లు చేస్తే 1000000, 1000002.000001. తేడా 2 దాటింది. ఎన్ ఎంత పెద్దది తీసుకున్నా జత దగ్గరైతనే ఉంటది, తేడా మాత్రం 2 పైననే ఉంటది. ప్రూఫ్ పూర్తి.

సీక్వెన్స్ ఆఫ్ ఫంక్షన్స్ చాప్టర్ వచ్చినంక ఇదే రోగం మళ్ళ తిరగబెడతదేమో అని చూసిన, ఎందుకంటే పాయింట్‌వైజ్ కన్వర్జెన్స్, యూనిఫార్మ్ కన్వర్జెన్స్ (కన్వర్జెన్స్ అంటే వరుసగ వచ్చే ఫంక్షన్లు ఒక ఫంక్షన్ దగ్గరికి చేరుడు) అనేది అదే కథ వేరే బట్టలల్ల. సున్నా నుంచి 1 లోపల ఎక్స్ పవర్ ఎన్ తీసుకుంటే, 1 కలపకుండ, ఏ ఎక్స్ దగ్గరైనా అది సున్నాకి పోతది. 0.1 లోపలికి రావాలంటే 0.9 కి 22 వ పవర్ దాకా ఆగాలె, 0.99 కి 230, 0.999 కి 2302. ఎక్స్‌కో ఎన్. ఎక్స్‌లన్నిటికి ఒక్కటే ఎన్ దొరకది. ఇది ఆమె క్లాసుల లేచి బోర్డు మీద చెప్పింది, రెండో బెంచి గోడ పక్కన కూచునే పిల్ల. గొంతు వణికింది కానీ ఒక్క మాట తప్పు పోలే.

ఆ రోజు క్లాసుల అందరికి ఫ్రెంచి గణితవేత్త కౌషీ సంగతి చెప్పిన, ఆ పిల్లకి ముఖ్యంగ వినపడాలని. 1821 ల కౌషీ అంతటి ఆయన తన అనాలిసిస్ పుస్తకంలో కంటిన్యుయస్ ఫంక్షన్ల సిరీస్ కన్వర్జ్ అయితే మొత్తం కూడ కంటిన్యుయస్ అయితది అని థియరమ్ పెట్టి ప్రూఫ్ కూడ ఇచ్చిండు. 1826 ల ఇరవైల్లో ఉన్న ఏబెల్ అనే నార్వే పిల్లగాడు, సైన్ ఎక్స్ మైనస్ సైన్ 2 ఎక్స్ బై 2 ప్లస్ సైన్ 3 ఎక్స్ బై 3, ఇట్ల పోయే సిరీస్ చూపెట్టి దీనికి ఈ థియరమ్ వర్తించది అన్నడు. ఆ సిరీస్ మైనస్ π నుంచి π దాకా మధ్యల ఎక్స్ బై 2 కి సమానం, π దగ్గర మాత్రం ఒక్కసారి సున్నాకి పడిపోతది. కౌషీ ప్రూఫ్‌ల చిక్కు ఎక్కడంటే, ఎక్స్‌కో ఎన్ ఉన్న చోట ఎక్స్‌లన్నిటికి ఒక్కటే ఎన్ అన్నట్టు వాడుకున్నడు. దాన్ని సరిగ్గ విడదీసి యూనిఫార్మ్ కన్వర్జెన్స్ అని పేరు నిలబడేసరికి స్టోక్స్, సైడెల్, వయర్‌స్ట్రాస్ ఇంతమంది కావాల్సి వచ్చింది, ఇరవై ఏండ్ల పైన పట్టింది. యూనిఫార్మ్ కంటిన్యుటీ మీద హైన థియరమ్ అచ్చైంది 1872 ల. అంటే ఇరవైకి నాలుగు మార్కులు తెచ్చుకున్న తప్పు చిన్న తప్పు కాదు, యూరప్‌ల పెద్ద పెద్దోళ్ళు ఏండ్లకేండ్లు తేల్చుకోలేకపోయిన తప్పు. పేపర్ మీద ఆ నాలుగు చూసి "బేసిక్స్ లేవు" అని రాసేసే లెక్చరర్లకి ఈ సంగతి తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆమెకు బేసిక్స్ ఉన్నయి. ఇనీక్వాలిటీలు నేను నడిపినట్టే నడిపింది.

ఇంకోటి కూడ చెప్పాలె, ఇది నాది. పీహెచ్‌డీ రోజుల్లో నేను రాసిన మొదటి పేపరు ఒక జర్నల్ నుంచి తిరిగొచ్చింది. పేపరు పరీక్షించిన రెఫరీ ఒక్కటే ప్రశ్న గట్టిగ వేసిండు, ఈ కాన్‌స్టంట్ దేని మీద ఆధారపడుతది అని. సంగతేంటంటే, ఒక సంఖ్య ఎన్‌కి ఎన్ని భాజకాలు ఉంటయి అనేదానికి ఒక పాత హద్దు ఉంది: ఎప్సిలాన్ ఎంత చిన్నది తీసుకున్నా, భాజకాల లెక్క ఒక కాన్‌స్టంట్ ఇంటూ ఎన్ పవర్ ఎప్సిలాన్ దాటది. ఆ కాన్‌స్టంట్ ఎప్సిలాన్‌ని పట్టి మారుతది. ఎప్సిలాన్‌కో కాన్‌స్టంట్. ఎప్సిలాన్లన్నిటికి ఒక్కటే కాన్‌స్టంట్ ఉన్నదంటే, ఎప్సిలాన్‌ని సున్నాకి పంపితే ఏ సంఖ్యకైనా భాజకాలు ఒక హద్దు దాటవు అని తేలుతది, అది పచ్చి అబద్ధం, 2 పవర్ కె తీసుకుంటేనే కె ప్లస్ 1 భాజకాలు ఉన్నయి. నేను ఒక లెమ్మాల (పెద్ద ప్రూఫ్‌కి మెట్టు లాంటి చిన్న ఫలితం) ఆ కాన్‌స్టంట్‌ని ఒక్కటే అన్నట్టు వాడి, రెండు పేజీల తర్వాత ఎప్సిలాన్‌ని మార్చిన. సరిదిద్దడానికి నాలుగు నెలలు పట్టింది, రిజల్ట్ కొంచెం బలహీనమైంది. ఆ అమ్మాయి పేపరు మీద "మాడ్ ఏ" చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రెఫరీ లెటరే. పదేండ్ల సర్వీసు ఉన్నా, డిగ్రీలున్నా, ఈ "కో"ని మరిచిపోతే అందరం అక్కడనే పడతం, అందుకనే నేను ఆమెను వదలలే.

నాకు బాగా గుర్తుండేది మాత్రం ఆమె వేసిన ఒక ప్రశ్న. సెమిస్టర్ చివరికి, నేను హైన థియరమ్ చెప్పకముందే, కారిడార్ల ఆపి అడిగింది. "సార్, సున్నా నుంచి 1 దాకా, రెండు చివరలు కలిపి తీసుకుంటే ఏ కంటిన్యుయస్ ఫంక్షన్ అయినా యూనిఫార్మ్ అయితదని పుస్తకంల ఉంది. కానీ అక్కడ కూడ ఇండ్లు లెక్కలేనన్ని ఉన్నయి కదా, మరి అక్కడ ఒక్కటే బోరింగు ఎట్ల సరిపోతది?" ఇది హైన థియరమ్ గుండెకాయ. నాకు చాన సంతోషమైంది, కానీ జవాబు అట్లనే చేతిల పెట్టలే. మీ దిక్కు చేన్లల్ల బోర్లు వేస్తరు కదా, చేనుకో లోతుల నీళ్ళు పడతయి, ఒకచోట రెండొందల ఫీట్లు, ఒకచోట ఆరొందలు. పది చేన్లుంటే అన్నిటికి సరిపోయే ఒక్క లోతు చెప్పగలవా? "అన్నిట్ల ఎక్కువ లోతు చెప్తే సరిపోతది సార్." చేన్లు అంతులేనన్ని ఉంటే? ఆలోచించి, "అన్నిట్ల ఎక్కువ అనేది ఉండకపోవచ్చు సార్." అయితే ఇగ నువ్వే ఆలోచించు, అంతులేని ఇండ్లని లెక్క ముగిసేటన్ని కొన్ని ఇండ్లతోని పని కానిచ్చే దారి ఏమన్న ఉందా అని. రెండు రోజులకి హైన బొరెల్ థియరమ్ చదువుకొని వచ్చింది, ఒక్కో బిందువు చుట్టూ దాని డెల్టా అంత గీత గీసి, అందుల కొన్నే తీసి మొత్తం సున్నా నుంచి 1 ని కప్పింది, ఆ కొన్నిట్ల చిన్న డెల్టా తీసుకుంది. దారి కరెక్టే, కానీ ప్రూఫ్ ఇంకా పూర్తి కాలే, పుస్తకంల డెల్టాని సగం చేస్తరు, అది ఎందుకో తేలలే. "సగం ఎందుకు సార్?" అన్నది. అది కూడ నువ్వే చెప్పాలె అన్న.

మరుసటి రోజు పొద్దున ఒక కాగితం తెచ్చింది. మధ్యల ఒక చుక్క, దాని పేరు "నల్లా ఉన్న ఇల్లు" అని రాసింది. పక్కన రెండు చుక్కలు. మొదటి చుక్క ఆ ఇంటికి సగం డెల్టా లోపల ఉంటే, రెండోది మొదటిదానికి సగం డెల్టా లోపల ఉంటే, రెండూ ఆ ఇంటి నల్లా అందే దూరంలనే ఉంటయి, సగం చెయ్యకపోతే రెండోది బయటికి పోవచ్చు. ట్రయాంగిల్ ఇనీక్వాలిటీ అని కింద పెన్సిల్‌తోని చిన్నగ రాసి ఉంది. ఆ కాగితం ఆమెను అడిగి తీసుకున్న, నా నోటుబుక్కుల "ఇంటికో" రాసిన పేజీల పెట్టుకున్న.

సెమిస్టర్ ఎండ్‌ల ఆ పేపరు మంచి మార్కులతోనే పాసైంది. నెట్ మొదటిసారి రాలే. ఆ పరీక్షల పార్ట్ సి అనేది ఉంటది, ఒక్కో ప్రశ్నకి 4.75 మార్కులు, నాలుగు ఆప్షన్లల్ల ఒకటి కన్నా ఎక్కువ కరెక్ట్ ఉండొచ్చు, అన్నీ సరిగ్గ గుర్తుపెడితేనే మార్కులు, మూడు గుర్తుపెట్టి ఒకటి తప్పిపోతే సున్నా. అక్కడ సగం ప్రశ్నలు ఈ "కో"నే అటుదిటు చేసి ఇస్తరని పిల్లలకి చెప్తుంట. ఆమె ఇప్పుడు ఒక గురుకులంలో చెప్తున్నది, పొద్దున చెప్తది, రాత్రి నెట్‌కి చదువుకుంటది. అమ్మానాన్న పుణె పోవుడు ఆపేసిండ్రట.

ఎమ్మెస్సీ రెండో ఏడాదిల ఒకరోజు ఈక్వికంటిన్యుటీ మొదలుపెట్టిన. అక్కడ ఒక్క ఫంక్షన్ కాదు, ఫంక్షన్ల కుటుంబం మొత్తానికి, బిందువులన్నిటికి, ఒక్కటే డెల్టా కావాలె. ఎక్కువమంది పిల్లలు ఇక్కడ చేతులెత్తేస్తరు, ఎప్సిలాన్, డెల్టా, ఎక్స్, ఫంక్షన్, ఇన్ని పేర్లు ఒక్క వాక్యంల పడేసరికి. డెఫినిషన్ బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి రెండో బెంచి నుంచి చెయ్యి లేచింది.

"సార్, ఇంతకుముందు ఊరందరికి ఒక్కటే బోరింగు. ఇది మండలంల ఊర్లన్నిటికి ఒక్కటే బోరింగు, అంతేనా?"

"అంతే బిడ్డా" అన్న. ఆమె నోట్సుల అట్లనే రాసుకున్నది.